పసి మనసుల వైద్యం: శిక్షణ ఎవరికి, ఎంత, ఎవరి అండతో?

2025 జులై 25న సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై 15 మార్గదర్శకాలు జారీ చేసింది. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటూ 2023లో చనిపోయిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో వచ్చిన తీర్పు ఇది. వందమందికి తగ్గకుండా విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా, పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌ను గానీ, సైకాలజిస్టును గానీ, సోషల్ వర్కర్‌ను గానీ పెట్టుకోవాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో అనుసంధానం చేసుకోవాలి. బోధన, బోధనేతర సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. చట్టం వచ్చేదాకా ఈ మార్గదర్శకాలే అమల్లో ఉంటాయి.

తీర్పుతో పాత చర్చ మళ్లీ ముందుకొచ్చింది. అంతమంది కౌన్సెలర్లు ఎక్కడినుంచి వస్తారు? రెండు రోజుల శిక్షణతో టీచరు పిల్లల బాధను పసిగట్టగలరా? ఇప్పటికే ఊపిరాడని ఆశా కార్యకర్త మీద ఇంకో బాధ్యత మోపాలా? నిపుణులు చేయాల్సిన పనిని నిపుణులు కానివారికి అప్పగించడం పేద పిల్లలకు న్యాయమేనా? మానసిక వైద్యులు, విద్యావేత్తలు, బాలల హక్కుల కార్యకర్తలు తలా ఒక జవాబు చెబుతున్నారు. ఆ జవాబుల్లో కొన్ని ఒకదానికొకటి పొసగవు. కొన్ని ఒకే మాటను వేర్వేరుగా చెబుతున్నాయి. ఉమ్మడి వరంగల్ జిల్లాను కళ్లముందు పెట్టుకుని వాటిని విడదీసి చూడటం, తేలినదేమిటో తేలనిదేమిటో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

అవసరం ఎంత

జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 2015-16లో జరిగింది. 13 నుంచి 17 ఏళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉన్నట్టు అందులో తేలింది. మహానగరాల్లో ఇది 13.5 శాతం, గ్రామాల్లో 6.9 శాతం. సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ గానీ ఆంధ్రప్రదేశ్ గానీ లేవు. అంటే ఆ సర్వే ఆధారంగా మన పిల్లల గురించి చెప్పే లెక్క వేరే రాష్ట్రాల సగటును బట్టి వేసిన అంచనాయే.

చిన్నపిల్లల విషయంలో మనకు కాస్త దగ్గరి ఆధారం ఉంది. రెండు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలపై దేశంలో ఐదుచోట్ల జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. ఆ ఐదింటిలో హైదరాబాద్ ఒకటి. ఆటిజం, మూర్ఛ, వినికిడి లోపం, చదువులో వైకల్యం, బుద్ధిమాంద్యం వంటి నాడీ వికాస సమస్యల్లో ఏదో ఒకటి దాదాపు ప్రతి ఎనిమిది మంది పిల్లల్లో ఒకరికి ఉన్నట్టు అది చెప్పింది.

ఈ శాతాలను ఒక బడికి అన్వయిస్తే విషయం తేటపడుతుంది. 13-17 ఏళ్ల వాళ్లు 400 మంది ఉన్న గురుకులంలో, 7.3 శాతం లెక్కన, సాయం అవసరమైన పిల్లలు 29 మంది. ఒక్కొక్కరితో వారానికి ఒక గంట కూర్చున్నా కౌన్సెలర్‌కు వారమంతా సరిపోతుంది. మిగతా 371 మందికి వచ్చే మామూలు కష్టాలు, ఇంటిబెంగ, పరీక్షల భయం, స్నేహాల్లో గొడవలు ఈ లెక్కలో లేవు.

వైద్యుల లెక్క ఇంకా ఇబ్బందికరం. దేశంలో లక్ష జనాభాకు ఉన్న సైకియాట్రిస్టులు సగటున 0.75 మంది. ఉండాల్సింది ముగ్గురని నిపుణులు తరచూ చెబుతుంటారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి వరంగల్ జిల్లాలో 35 లక్షల మంది ఉన్నారు. దేశ సగటు లెక్కన ఇక్కడికి దక్కేది 26 మంది, ఉండాల్సింది 105 మంది. ఇది అన్ని వయసులవారినీ చూసే వైద్యుల లెక్క. పిల్లల కోసమే ప్రత్యేకంగా తర్ఫీదు పొందినవారు అందులో బహు కొద్దిమంది.

ఇక్కడిదాకా వచ్చిన దారి

పిల్లల మానసిక సమస్యలకు మన దేశంలో మొదటి చైల్డ్ గైడెన్స్ క్లినిక్ 1937లో బొంబాయిలో మొదలైంది. చాలాకాలం ఈ సేవ పెద్ద నగరాలు దాటలేదు. 1975 ప్రాంతంలో చండీగఢ్ వైద్యులు రాయ్‌పూర్ రాణిలోనూ, బెంగళూరు నిమ్హాన్స్ వైద్యులు సకలవారలోనూ ఒక ప్రయోగం చేశారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికే మానసిక వైద్యంలో ప్రాథమిక శిక్షణ ఇచ్చి చూశారు. ఆ అనుభవం మీదే 1982లో జాతీయ మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. 1980ల్లో నిమ్హాన్స్ బళ్లారి జిల్లా మొత్తంలో దాన్ని అమలు చేసి చూపింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి బళ్లారియే నమూనా. తొలి విడతలో దేశం మొత్తంలో నాలుగు జిల్లాలను ఎంచుకుంటే వాటిలో మెదక్ ఒకటి. తెలంగాణ నేల మీద ఈ పనికి మూడు దశాబ్దాల వయసుందన్నమాట.

బళ్లారి నమూనా పెద్దల జబ్బుల చుట్టూ అల్లుకున్నది. తీవ్రమైన మతిచలనం, మూర్ఛ వంటివాటిని గుర్తించి మందులివ్వడం దాని లక్ష్యం. పిల్లలు అందులోకి ఆలస్యంగా, పక్కదారిన వచ్చారు. 2003 తర్వాతి సవరణల్లో బడుల్లో జీవన నైపుణ్యాల బోధన, కాలేజీల్లో కౌన్సెలింగ్ చేరాయి.

ఈలోగా వేరే శాఖలు వేరే దారుల్లో నడిచాయి. 1984లో సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం జాతీయ సంస్థ ఏర్పడి ప్రత్యేక ఉపాధ్యాయులను తయారు చేసింది. 2013లో పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల దాకా పిల్లలను పరీక్షించే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2014లో 10-19 ఏళ్లవారి కోసం రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం వచ్చాయి. 2020లో వచ్చిన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు టీచర్లను, ఒకరు పురుషుడు ఒకరు మహిళ, ఆరోగ్య ప్రతినిధులుగా తయారు చేయాలంది. అదే ఏడాది కష్టాల్లో ఉన్న పిల్లలతో పనిచేసేవారికి శిక్షణ ఇచ్చేందుకు నిమ్హాన్స్‌లో ‘సంవాద్’ మొదలైంది. 2022 అక్టోబర్ 10న టెలీ మానస్ ఫోన్ సేవ వచ్చింది.

చట్టం కూడా వచ్చింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. పిల్లలకు ప్రత్యేక సేవలుండాలని, ఆసుపత్రిలో చేర్చుకుంటే పెద్దల వార్డులో కాకుండా విడిగా ఉంచాలని, తల్లో తండ్రో సంరక్షకులో వెంట ఉండాలని అది చెబుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని వైద్యాధికారులందరికీ ప్రాథమిక, అత్యవసర మానసిక వైద్యంలో శిక్షణ ఇవ్వాలంటుంది. జనాభాకు తగ్గట్టు నిపుణుల సంఖ్య పదేళ్లలో అంతర్జాతీయ ప్రమాణాలకు చేరేలా ప్రభుత్వాలు ప్రయత్నించాలని 31వ సెక్షన్ చెబుతుంది. ఆ పదేళ్ల గడువు 2028 మేతో ముగుస్తుంది.

ఈ చరిత్రలో కొట్టొచ్చినట్టు కనిపించేది ఒకటుంది. వైద్య శాఖ, విద్యా శాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖ, సంక్షేమ గురుకులాల సొసైటీలు ఎవరికివారే శిక్షణ పెడుతున్నాయి. ఆ శిక్షణలన్నీ చివరికి వచ్చి చేరేది అదే టీచరు, అదే ఏఎన్‌ఎం, అదే అంగన్‌వాడీ టీచరు, అదే ఆశా దగ్గరికే.

వరంగల్‌లో ఉన్నవి, అతకనివి

సంస్థల విషయంలో వరంగల్ బీద ఊరు కాదు. 1959లో మొదలైన కాకతీయ మెడికల్ కాలేజీ, దానికి అనుబంధంగా మానసిక వైద్య విభాగమున్న ఎంజీఎం ఆసుపత్రి ఇక్కడున్నాయి. రాష్ట్రంలోని మెడికల్ కాలేజీల్లో చాలావాటికి అనుబంధ విశ్వవిద్యాలయమైన కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ఉన్నది ఈ ఊళ్లోనే. 2022 నుంచి 2024 లోపు మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, ములుగు, నర్సంపేటల్లో కొత్త ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. మెడికల్ కాలేజీ అంటే మానసిక వైద్య విభాగం ఉండి తీరాలి. హనుమకొండలో బుద్ధిమాంద్యం గల పిల్లల కోసం మల్లికాంబ మనోవికాస కేంద్రం నడుస్తోంది. మండలాల్లో ప్రత్యేక అవసరాల పిల్లల కోసం భవిత కేంద్రాలున్నాయి. లైంగిక వేధింపులకు గురైన పిల్లల కోసం భరోసా కేంద్రం ఉంది. కస్తూర్బా విద్యాలయాల్లో ఏఎన్‌ఎంలు, గురుకులాల్లో హెల్త్ సూపర్‌వైజర్లు, పల్లె దవాఖానల్లో సిబ్బంది ఉన్నారు.

వీటి మధ్య పిల్లల దారి ఎలా ఉంటుందో చూస్తే లోపం ఎక్కడుందో తెలుస్తుంది. బాల స్వాస్థ్య కార్యక్రమం బృందంలో ఇద్దరు ఆయుష్ వైద్యులు, ఒక ఏఎన్‌ఎం, ఒక ఫార్మసిస్టు ఉంటారు. వాళ్ల వాహనం బడికి ఏడాదికి ఒకసారి, అంగన్‌వాడీకి రెండుసార్లు వస్తుంది. పిల్లలు వరుసలో నిలబడతారు. ఎత్తు, బరువు, కళ్లు, పళ్లు, చెవులు, చర్మం, రక్తహీనత చూస్తారు. వికాస లోపాలు, చదువు, ప్రవర్తన సమస్యలు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. కానీ వెనక ఇంకో అరవైమంది నిలబడి ఉన్న వరుసలో ఏ పిల్ల తన మనసులో మాట చెబుతుంది? గార పట్టిన పన్ను నోరు తెరిస్తే కనిపిస్తుంది. నెల రోజులుగా పట్టని నిద్ర అలా కనిపించదు.

ములుగు జిల్లాలోని ఏదైనా ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదో తరగతి అమ్మాయి కొన్నాళ్లుగా సరిగా తినడం లేదు, ఎవరితోనూ మాట్లాడటం లేదనుకుందాం. మొదట గమనించేది పక్క మంచం మీద పడుకునే స్నేహితురాలు. ఆమె చెబితే వార్డెన్‌కు తెలుస్తుంది. వార్డెన్ ‘ఇంటిమీద బెంగ’ అనుకుని తండ్రికి ఫోన్ చేస్తుంది. తండ్రి వచ్చి ఇంటికి తీసుకుపోతాడు. ఇంట్లో ‘గాలి సోకింది’ అంటే తాయెత్తు కట్టిస్తారు. తగ్గకపోతే పీహెచ్‌సీకి తెస్తారు. అక్కడి డాక్టర్ బలం మందులు రాస్తారు, లేదా ఎంజీఎంకు పొమ్మంటారు. ఎంజీఎంకు రావాలంటే ఒక రోజు కూలి, బస్సు చార్జీలు పోతాయి. ఈ వరుసలో ప్రతి ఒక్కరూ ఆ పిల్ల మంచి కోరినవాళ్లే. ఎవరి దగ్గర ఏం అడగాలో, తర్వాత ఎవరికి అప్పగించాలో మాత్రం ఎవరికీ నేర్పలేదు.

మొదటి వాదం: ముందు నిపుణులు

ఈ వాదం వినిపించేది ఎక్కువగా మానసిక వైద్యులు, క్లినికల్ సైకాలజిస్టులు. ఆటిజంను, మాటల ఆలస్యాన్ని వేరుచేసి చెప్పడం, బాల్యంలో వచ్చే డిప్రెషన్‌ను చిరాకు నుంచి విడదీసి గుర్తించడం ఏళ్ల సాధనతో వచ్చే నైపుణ్యమని వాళ్లంటారు. తప్పు ముద్ర పడితే పిల్లాడు జీవితాంతం మోయాలి. పిల్లలకు మందుల మోతాదు వేరు, దుష్ప్రభావాలు వేరు. పైగా క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే భారత పునరావాస మండలి గుర్తించిన కోర్సు చదివి నమోదు చేసుకోవాలని 1992 చట్టం చెబుతోంది.

వైద్య విద్యలోని లోటునూ వీళ్లు ఎత్తిచూపుతారు. ఎంబీబీఎస్‌లో మానసిక వైద్యానికి విడిగా పరీక్ష లేదు. అది జనరల్ మెడిసిన్‌లో ఒక భాగం. పిల్లల సమస్యలు అందులో మరీ చిన్న భాగం. రేపు పీహెచ్‌సీలో కూర్చునే డాక్టర్‌కు పునాదే ఇంత పలచన అయితే పైన ఎన్ని శిక్షణలు పెట్టి ఏం లాభమని వాళ్ల ప్రశ్న.

ఈ వాదంలో బలముంది. దీని బలహీనత కాలం. పిల్లల మానసిక వైద్యుడు తయారవ్వాలంటే ఎంబీబీఎస్, ఎండీ, ఆపైన ప్రత్యేక శిక్షణ కావాలి. ఈ రోజు ఆరో తరగతిలో ఉన్న పిల్ల అప్పటికి డిగ్రీ కూడా దాటిపోతుంది. తయారైనవారు హైదరాబాద్‌లోనో విదేశాల్లోనో స్థిరపడకుండా ములుగు జిల్లా ఏటూరునాగారం దాకా వస్తారన్న హామీ కూడా లేదు.

రెండో వాదం: పని పంచుకోవాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008 నుంచి ప్రచారం చేస్తున్న దారి ఇది. నిపుణులు కాని ఆరోగ్య సిబ్బందికి, స్థానిక యువతకు పరిమితమైన పనులు స్పష్టంగా నేర్పి చేయించాలి. కష్టమైన కేసులు మాత్రమే నిపుణుల దాకా రావాలి.

దీనికి ఆధారాలున్నాయి. ఆటిజం ఉన్న చిన్నపిల్లల తల్లిదండ్రులకు పిల్లలతో మాట కలిపే పద్ధతులు నేర్పే ప్రయోగం గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ జరిగింది. ఫలితాలు 2016లో వచ్చాయి. నేర్పింది నిపుణులు కాని స్థానికులే. అయినా తల్లీబిడ్డల మధ్య సంభాషణ మెరుగుపడింది. ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో నిపుణులు కాని సాధారణ కౌన్సెలర్లు సమస్య పరిష్కార పద్ధతిని నేర్పినప్పుడు, పిల్లలు తమ కష్టాలుగా చెప్పుకున్నవి తగ్గాయి. అయితే మానసిక లక్షణాలను కొలిచే పట్టికలో వెంటనే పెద్ద తేడా కనిపించలేదు. తెలుగు నేల మీదా ఒక ఉదాహరణ ఉంది. పశ్చిమ గోదావరి ఆదివాసీ గ్రామాల్లో ఆశాలకు ట్యాబ్‌లిచ్చి మానసిక సమస్యలు గుర్తించడం నేర్పారు. గుర్తించినవారిలో వైద్య సేవ పొందేవారు 0.8 శాతం నుంచి 12.6 శాతానికి పెరిగారు. ఇది పెద్దలపై జరిగిన పని. పిల్లలకూ అలాగే పనిచేస్తుందని దీన్నిబట్టి అనలేం.

ఈ వాదంపై అభ్యంతరం రెండు రకాలు. ఒకటి న్యాయానికి సంబంధించింది. డబ్బున్న పిల్లలకు డాక్టర్, పేద పిల్లలకు ఆశా అన్న అంతరం శాశ్వతమైపోతుందన్న భయం. రెండోది పనిభారం. ఆశాకు వచ్చేది పారితోషికం, జీతం కాదు. కొత్త పని చెప్పిన ప్రతిసారీ పాత పనుల్లో ఏది తగ్గించాలో మాత్రం ఎవరూ చెప్పరు.

మూడో వాదం: బడిలోనే అన్నీ

పిల్లలు రోజులో ఎక్కువసేపు గడిపేది బడిలో. గురుకులమైతే రోజంతా అక్కడే. కాబట్టి టీచర్‌కు నేర్పితే చాలని విద్యావేత్తల్లో చాలామంది అభిప్రాయం. కర్ణాటకలో నిమ్హాన్స్ తయారు చేసిన జీవన నైపుణ్యాల పాఠాలు టీచర్లు చెప్పినప్పుడు విద్యార్థుల ఆత్మవిశ్వాసం, కష్టాలను తట్టుకునే తీరు మెరుగుపడ్డాయి.

అయితే బిహార్‌లోని నలంద జిల్లాలో జరిగిన ప్రయోగం ఈ ధీమాను కదిలించింది. తొమ్మిదో తరగతి పిల్లల కోసం రూపొందిన ఒకే కార్యక్రమాన్ని కొన్ని బడుల్లో టీచర్లతో, కొన్నింటిలో బయటినుంచి తెచ్చిన సాధారణ కౌన్సెలర్లతో నడిపారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం కౌన్సెలర్లున్న బడుల్లో వాతావరణం మెరుగుపడింది, డిప్రెషన్, వేధింపులు తగ్గాయి. టీచర్లు నడిపిన బడుల్లో మామూలు బడులతో పోలిస్తే తేడా లేదు.

ఈ రెండు ఫలితాలూ పైకి విరుద్ధంగా కనిపిస్తాయి. నిజానికి అవి రెండు వేర్వేరు పనుల గురించి చెబుతున్నాయి. తరగతికంతటికీ పాఠంగా చెప్పే పని టీచర్‌కు కుదురుతుంది. పిల్లాడి గుట్టు వినే పని కుదరడం కష్టం. మార్కులు వేసేది, ఇంటికి ఫిర్యాదు చేసేది, బెత్తం పట్టుకునేది తానే అయినప్పుడు పిల్లలు అక్కడే మనసు విప్పుతారనుకోలేం.

ఇంగ్లండ్ ఇంకో దారి పట్టింది. 2017 తర్వాత బడుల కోసమే ఏడాది శిక్షణతో కొత్త ఉద్యోగులను తయారు చేసి బృందాలుగా పంపుతోంది. తేలికపాటి సమస్యలకు అది పనికొస్తోంది. బడికి బరువైనవి, ఆసుపత్రికి తేలికైనవి అనిపించే మధ్యస్థ కేసులు మాత్రం ఎటూ కాకుండా మిగిలిపోతున్నాయన్న విమర్శ అక్కడుంది.

నాలుగో వాదం: కారణాలు మార్చకుండా శిక్షణ దేనికి

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. ఆ రోజుల్లో 20 మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. దేశంలో 2022లో ఆత్మహత్య చేసుకున్న విద్యార్థులు 13,044 మంది. ఈ పిల్లలకు కావలసింది కౌన్సెలింగ్ కన్నా ముందు సరైన మూల్యాంకనం, ఊపిరి పీల్చుకునే టైంటేబుల్, కడుపునిండా తిండి, కొట్టని హాస్టల్ అని బాలల హక్కుల కార్యకర్తలంటారు. ఒత్తిడి పెట్టే చేయి అలాగే ఉంచి పిల్లాడికి తట్టుకోవడం నేర్పడం తప్పును పిల్లాడి మీదకు నెట్టడమేనని వాళ్ల వాదన. సుప్రీంకోర్టు కూడా మార్కులను బట్టి బ్యాచ్‌లు విడదీయడం, పిల్లలను నలుగురిలో అవమానించడం వద్దని చెప్పింది.

ఈ మాటను ఎవరూ కాదనలేరు. అయితే ఆటిజం, చదువులో వైకల్యం, పుట్టుకతో వచ్చే బుద్ధిమాంద్యం పరీక్షల సంస్కరణతో పోవు. కారణాలను మార్చే పోరాటం, చికిత్స అందించే ఏర్పాటు రెండూ సాగాల్సిందే.

నాలుగు వాదాలూ పక్కపక్కన

నిపుణులే ముందన్న వాదం: బలం కచ్చితత్వం, భద్రత. బలహీనత ఏళ్ల తరబడి ఆలస్యం, నగరాలకే పరిమితం కావడం. తగిన చోటు తీవ్రమైన కేసులు, మందులు, వైకల్య ధ్రువీకరణ.

పని పంచుకోవాలన్న వాదం: బలం తక్కువ కాలంలో పల్లెకు చేరడం, ప్రయోగాల ఆధారం. బలహీనత పనిభారం, అండ లేకపోతే నాణ్యత జారిపోవడం. తగిన చోటు తొలి గుర్తింపు, తల్లిదండ్రులకు తర్ఫీదు, తేలికపాటి సమస్యలకు కౌన్సెలింగ్.

బడి కేంద్రమన్న వాదం: బలం పిల్లలందరికీ చేరడం. బలహీనత టీచర్‌కున్న అధికారం, సమయం లేకపోవడం. తగిన చోటు జీవన నైపుణ్యాల పాఠాలు, బడి వాతావరణం, ప్రమాద సంకేతాలు గమనించడం.

కారణాలు మార్చాలన్న వాదం: బలం మూలానికి పోవడం. బలహీనత పుట్టుకతో వచ్చే సమస్యలకు, ఇప్పటికే బాధలో ఉన్న పిల్లలకు వెంటనే దారి చూపకపోవడం. తగిన చోటు పరీక్షల విధానం, హాస్టళ్ల నిర్వహణ.

ఇలా పెట్టి చూస్తే చాలా వివాదం కరిగిపోతుంది. నాలుగు వాదాలూ ఒకే కుర్చీ కోసం పోటీ పడటం లేదు. ఎవరికి ఏ పని అన్న హద్దు గీస్తే నలుగురికీ చోటుంది.

ఇంకా తేలనివి

మొదటిది పర్యవేక్షణ. గోవా, ఢిల్లీ ప్రయోగాల్లో శిక్షణ తర్వాత కూడా నేర్చుకున్నవారి పనిని క్రమం తప్పకుండా చూసి, చర్చించి, సరిదిద్దేవారున్నారు. ప్రభుత్వ శిక్షణల్లో ఉండేది వేరు. రాష్ట్రంలో కొందరికి నేర్పితే వాళ్లు జిల్లాలో నేర్పుతారు, జిల్లావాళ్లు మండలంలో, మండలంవాళ్లు బడిలో. గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు నిండితేనే కింది చెరువుకు నీరు చేరుతుంది. కరువు ఏట చివరి చెరువుకు మిగిలేది తడి మాత్రమే. ఆశ్రమ పాఠశాల వార్డెన్‌కు చేరే శిక్షణ చాలాసార్లు అలాంటిదే. ప్రయోగంలో పనిచేసిన పద్ధతి వెయ్యికి పైగా గురుకులాలున్న రాష్ట్రంలో, అంతే శ్రద్ధతో పర్యవేక్షించేవారు లేకుండా పనిచేస్తుందా అన్నది ఎవరూ తేల్చలేదు.

రెండోది పంపించే చోటు. గుర్తించడం నేర్పి, చికిత్స దొరికే చోటు చూపకపోతే తల్లిదండ్రుల్లో భయం పెరుగుతుంది, నమ్మకం తగ్గుతుంది.

మూడోది భాష. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ జిల్లాల్లో కోయ, లంబాడా పిల్లలు ఎక్కువ. మనసులో బాధ ఇంటి భాషలోనే బయటికొస్తుంది. ప్రశ్నాపత్రాలు, కొలమానాలు ఎక్కువగా ఇంగ్లిషు నుంచి తెచ్చినవి. కోయ పిల్లల దుఃఖాన్ని అవి ఎంతవరకు పట్టుకోగలవో పరీక్షించాలి.

నాలుగోది గోప్యత. లైంగిక వేధింపు గురించి తెలిస్తే పోలీసులకు తెలపడం 2012 పోక్సో చట్టం ప్రకారం ప్రతి ఒక్కరికీ తప్పనిసరి. కౌన్సెలర్ పిల్లకు ‘ఎవరికీ చెప్పను’ అని మాటిస్తే తర్వాత ఆ మాట తప్పక తప్పదు. ఎంతవరకు గుట్టు ఉంచగలరో ముందే, పిల్లకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలన్నది రెండు రోజుల శిక్షణల్లో నలిగిపోయే అంశం.

ఐదోది ఉద్యోగ భద్రత. భవిత కేంద్రాల్లోని ప్రత్యేక ఉపాధ్యాయులతో మొదలుపెట్టి జిల్లా కార్యక్రమంలోని సైకాలజిస్టుల దాకా చాలామంది కాంట్రాక్టు పద్ధతిలో ఉన్నవారే. నేర్చుకున్న మనిషి వెళ్లిపోతే నేర్పిన ఖర్చు కూడా పోతుంది. అంతకన్నా ముఖ్యంగా, ఒకసారి మనసు విప్పిన పిల్ల రెండోసారి కొత్త మనిషికి విప్పదు.

ఆరోది కొలత. ఎంతమందికి శిక్షణ ఇచ్చామన్నది నివేదికల్లో ఉంటుంది. ఆ శిక్షణ వల్ల ఎంతమంది పిల్లలు కోలుకున్నారన్నది దొరకదు.

తేలిందేమిటి

ఇన్నేళ్ల అనుభవాన్ని తూచి చూస్తే ఒక్క నిర్ణయం నిలబడుతుంది. శిక్షణ కొరత కన్నా శిక్షణ తర్వాతి అండ కొరత పెద్దది. కింద ఆశా, టీచర్, వార్డెన్ ఉన్నారు. పైన ఎంజీఎం, హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాల ఉన్నాయి. నెలనెలా వచ్చి ‘ఈ పిల్ల సంగతి ఏమైంది, నువ్వేం అడిగావు, ఆమె ఏమంది’ అని కూర్చుని మాట్లాడే మధ్య మెట్టు లేదు. దాన్ని కట్టకుండా కింద ఎంతమందికి ఎన్ని రోజులు శిక్షణ ఇచ్చినా అది సర్టిఫికెట్ దగ్గరే ఆగుతుంది.

వరంగల్‌లో ఆ మెట్టు కట్టడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. ఐదు కొత్త మెడికల్ కాలేజీల మానసిక వైద్య విభాగాలు తమ జిల్లాలోని బడుల బాధ్యత తీసుకోవచ్చు. ఉపాధ్యాయులకు కాంప్లెక్స్ సమావేశాలు ఉన్నాయి, ఆశాలకు ఆశా డే ఉంది. ఆ రోజుల్లో కొత్త ఉపన్యాసాలు పెట్టకుండా, పేర్లు బయటపెట్టకుండా పిల్లల కేసులు చర్చించవచ్చు. కాళోజీ విశ్వవిద్యాలయం తెలుగులో ఏడాది కోర్సు పెట్టి, కోయ, లంబాడా యువతకు అందులో చోటిచ్చి, వాళ్లను శాశ్వత ఉద్యోగాల్లో గురుకులాలకు, ఆశ్రమ పాఠశాలలకు పంపే పథకం రూపొందించవచ్చు. టీచర్‌కు గమనించడం, వినడం, అప్పగించడం అనే మూడు పనులే నేర్పి, చికిత్స భారం ఆమె మీద పెట్టకుండా ఉంటే చాలు.

2028 మే గడువు దగ్గర పడుతోంది. ప్రభుత్వాలను అడగడంతోపాటు, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లోని తల్లులు, ప్రతి బడిలోని తల్లిదండ్రులు తమ పిల్లల బడిని మూడు ప్రశ్నలు అడగాలి. ఇక్కడ శిక్షణ పొందిన మనిషి ఎవరు? కష్టమైన కేసు వస్తే ఆ మనిషి ఎవరికి ఫోన్ చేస్తారు? ఆ పైవారు చివరిసారి ఈ బడికి ఎప్పుడొచ్చారు? మూడో ప్రశ్నకు జవాబు దొరికేదాకా అడుగుతూనే ఉండాలి. ఈలోగా ఏ పిల్లో పిల్లాడో బాధలో ఉన్నట్టు అనిపిస్తే టెలీ మానస్ 14416కు, ప్రమాదంలో ఉన్నట్టు తెలిస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయడానికి వెనకాడకండి.